ఆయాసపడే ఆడమనిషికి దిండు ఎవరు పెట్టాలి?

(మేడ్చల్, శామీర్‌పేట మండలాల మహిళా సంఘాల సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఊపిరితిత్తుల జబ్బుల గురించి మాట్లాడమన్నారు. మందులు రాయడానికి డాక్టర్లున్నారు. నేను నర్సుని. రాత్రంతా రోగి పక్కన ఉండే మనిషిగా నాలుగు మాటలు చెప్తాను.

నేను పనిచేసిన ఒక దవాఖానాలో రాత్రిపూట నలభై మంచాలకు నేనొక్కదాన్నే. దమ్ముతో చేరిన మగవాళ్ల పక్కన భార్యో, తల్లో, కూతురో కూర్చునేది. వీపు నిమిరేది, తెమడ గిన్నె కడిగేది. అదే జబ్బుతో ఆడమనిషి చేరితే పక్కన తరచుగా ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆయాసం తగ్గీ తగ్గకముందే "ఇంటికాడ వండేవాళ్లు లేరు" అని వెళ్లిపోయేది. సేవ మన ధర్మమన్నారు సరే. మనకు జబ్బు చేస్తే ఆ ధర్మం ఎవరిది?

జబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. దమ్మంటే బీడీ తాగేవాళ్లకు వచ్చేదనుకుంటాం. కానీ బీడీ ముట్టని ఆడవాళ్లకు కట్టెల పొయ్యి పొగ వల్లా ఈ జబ్బు వస్తుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చింది. అయినా సిలిండర్ ఉన్న ఇళ్లలో కూడా స్నానం నీళ్లకు కట్టెలు పెట్టడం మానలేదు. ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో బతికేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కంకర క్రషర్ల రాతిపొడితో వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. రాకుండా ఆపడమే మార్గం. అందుకే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఎన్నేళ్లు పొయ్యి ఊదారో, ఏ దుమ్ములో పని చేశారో.

ఇక సేవ సంగతి. ఆయాసం వచ్చిన మనిషిని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, దాని మీదికి చేతులాన్చి కాస్త ముందుకు వంగనివ్వండి. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు ముడిచి దీపం ఊదినట్టు మెల్లగా వదలమనండి. చుట్టూ గుంపు చేరొద్దు, కిటికీ తెరవండి. తిండి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం వద్దు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు, రోజూ పీల్చేది వేరు. బాగుందని రోజూ పీల్చేదాన్ని మీ అంతట మీరు ఆపొద్దు. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించాలి. పిల్లలకు స్పేసర్ కొనలేకపోతే, అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి సందులు మూసి వాడినా పనిచేస్తుందని 1999లో దక్షిణాఫ్రికా డాక్టర్లు చూపించారు. నర్సు దగ్గర ఒకసారి నేర్చుకుని చేయండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లు, ఎక్కువ పెడితే మంచిదని మీటను సొంతంగా తిప్పొద్దు. పాత దమ్ము రోగికి మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా, మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

దగ్గుతో ఉన్న పసిపిల్లకు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పాపకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 లేక అంతకు మించి ఉంటే న్యుమోనియా కావచ్చు. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయొద్దు. ఆడపిల్లైనా సరే, ఆ రాత్రే బయల్దేరండి.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. క్షయ అని తేలితే, పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ప్రభుత్వం ఇస్తోంది. ఆ డబ్బు రోగి అయిన ఆడమనిషి కంచంలోకి గుడ్డుగా, పప్పుగా వస్తోందా? అందరూ తిన్నాక మిగిలిందే ఆమె తింటోందా? ఇంటింటికీ తిరిగేటప్పుడు మందులతో పాటు ఇది కూడా అడగండి.

నేను చెప్పిన వాటిలో మగవాళ్లు చేయలేని పని ఒక్కటైనా ఉందా? దిండు పెట్టడానికి, ఊపిరి లెక్కపెట్టడానికి, అన్నం వండడానికి ఆడపుట్టుకే అక్కర్లేదు. కాబట్టి వచ్చే నెల నేర్పే తరగతికి మీరొక్కరే రావద్దు. ఇంట్లో మగవాళ్లను, పెద్ద పిల్లలను వెంటబెట్టుకుని రండి.

అయితే ఇంట్లో పంచుకుంటే చాలదు. నర్సులు చేయాల్సిన పని ఉచితంగా మన నెత్తిన పడుతున్నది నర్సులు చాలకనే. మన సర్కారు దవాఖానాల్లో రాత్రిపూట సరిపడా నర్సులు ఉండాలి. నెబ్యులైజర్, ఆక్సిజన్ పనిచేసే స్థితిలో ఉండాలి. ఇన్‌హేలర్లు, స్పేసర్లు ఉచితంగా ఇవ్వాలి. ఈ మూడింటినీ రాసి, సంతకాలు పెట్టి కలెక్టరుకు ఇద్దాం.

ఊపిరి పీల్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊపిరాడనప్పుడు ఒక మనిషి తోడు కావాలని అడగడానికి కూడా మనం సిగ్గుపడొద్దు.