రెండు పక్కల పుస్తకం

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా!

పగలంతా కూలికి పోయి, వంట పని ముగించుకొని ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు మీ పేరు మీరే రాస్తున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. ఈ రోజు మీ పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెబుతాను.

“మాకు రాని ఇంగ్లీషు మా పిల్లలకైనా రావాల” అని ప్రతి తల్లీ అంటుంది. ఆ కోరిక న్యాయమైనదే. మందు సీసా మీద ఇంగ్లీషే. పెద్ద చదువుల్లో ఇంగ్లీషే. ఉన్నోళ్లు డబ్బు పెట్టి నేర్పించుకుంటారు. మన పిల్లలకు సర్కారు బడే దిక్కు.

మరి సర్కారు ఏం చేసింది? 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో చాలా హైస్కూళ్లలో 6వ తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టింది. 2019 నవంబరులో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 1వ తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అన్నది. కొందరు కోర్టుకు పోయారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వీలైనంత వరకు పిల్లలకు తల్లి భాషలో చదువు చెప్పాలని 2009 విద్యా హక్కు చట్టంలో ఉంది.

2020-21లో కొత్త రకం పుస్తకాలు వచ్చాయి. ఒక పక్క ఇంగ్లీషు పాఠం. ఎదురు పక్క అదే పాఠం తెలుగులో. ఆ తెలుగు పక్క ఎవరిది? బిడ్డది. మీది కూడా!

బిడ్డ ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెబుతాడు. మనం మురిసిపోతాం. కానీ అర్థం తెలిసిందా? గింజ పట్టని శెనక్కాయ పైకి కాయ మాదిరే ఉంటుంది. ఒలిస్తే తొక్కే మిగులుతుంది. అర్థం తెలియని చదువూ అంతే.

అందుకే రాత్రిపూట బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. తెలుగు పక్క మీరు కూడబలుక్కొని చదవండి. ఇంగ్లీషు పక్క బిడ్డను చదవమనండి. “ఇందులో ఏముందో నాకు చెప్పు నాయనా” అని అడగండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే తిట్టొద్దు. మరునాడు బడికి పోయి సారును అడగండి.

ఇంగ్లీషు రావాలంటే తెలుగు వదలాలా? వదలనక్కరలేదు. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర 1820లో మన కడపకు ఉద్యోగానికి వచ్చాడు. కొలువు కోసం మొదలుపెట్టిన తెలుగు ఆయనకు ప్రాణమైంది. వేమన పద్యాలు వెదికి 1829లో అచ్చు వేయించాడు. తెలుగు, ఇంగ్లీషు నిఘంటువులు తయారు చేశాడు. కడపలో ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆయన తన భాష వదలలేదు. దాన్ని నిలుపుకొని మన భాష నేర్చాడు. మన పిల్లలూ అట్లే నేర్వాల.

ఇంకో మాట. కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి పోతారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే తెలుగూ పోతుంది, ఇంగ్లీషూ పోతుంది. పోయే ముందే బడిలో అడగండి. వలసపోయేవాళ్ల పిల్లలకు హాస్టల్ ఏర్పాటు ఉందేమో తెలుసుకోండి.

చట్టం ప్రకారం సర్కారు బడికి కమిటీ ఉండాల. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. సగం మంది ఆడోళ్లు. ఆ కమిటీలో కూర్చోండి. పుస్తకాలు అందరికీ అందినాయా? ఇంగ్లీషు చెప్పే సారు ఉన్నాడా? అర్థం తెలుగులో చెబుతున్నారా? నోరు తెరిచి అడగండి. తీర్మానం పూర్తిగా చదివి, అప్పుడు సంతకం పెట్టండి.

మీరు నేర్చుకున్న అక్షరం మీ బిడ్డకు ఊతకర్ర. సెలవు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ పిల్లల పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా?
2. మీ ఊరి బడి కమిటీలో ఎంతమంది ఆడవాళ్లున్నారు?