బూట్లు కుట్టిన చేతులకి గ్రౌండేదీ?

(పిఠాపురంలో పేట కుర్రాళ్ల ముందు చేసిన ప్రసంగం)



ఫుట్‌బాల్ జట్టు పెడతామంటే "మీకెందుకురా ఆటలు" అన్నారట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతి చెబుతాం, వినండి.

ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టింది. కోచ్ రహీం సాబు మాలాగే బడిపంతులు. ఆయన శిక్షణలోనే దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఆ రెండింటికీ వెళ్లిన బలరాం అమ్ముగూడ పేదింటి బిడ్డ. పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టే ఆయనచేత మార్పించుకుని ఆట మొదలెట్టాడు.

ఆ బూట్లు కుట్టిన చేతులెవరివి? తోలు బంతి ఎవరి చెమట? కుట్టేది మనం, గట్టుమీద నిలబడి చూసేదీ మనమేనా?

సాయంత్రం బడి గ్రౌండు మనకీ కావాలి. అర్జీ రాశాం. సంతకాలు పెట్టండి. ఆడపిల్లల్నీ పిలవండి.

జై భీమ్!