ఒకే ఇంట్లో మరొక గది



మూడేళ్ల క్రితం హోసూరులోని మా ఇంటి కంప్యూటరు మొరాయించింది. బాగుచేసిన వ్యక్తి విండోస్‌ను కొత్తగా ఎక్కించి సాయంత్రానికి తిరిగి ఇచ్చాడు. మా అమ్మమ్మ పాడగా నేను రికార్డు చేసుకున్న అప్పగింతల పాటలు మాత్రం అందులో లేవు. డిస్కులో ఉన్నది ఒక్క సి డ్రైవే. దానిని ఫార్మాట్ చేయగా సర్వమూ పోయింది. ఆమె అప్పటికే కీర్తిశేషురాలు. అతడిని నిందించను. పాటలకు వేరే గది ఏర్పరచకపోవడం నా తప్పు.

ఆ గదినే పార్టిషన్ అంటారు. ఆ మాట వినగానే మనవారికి పొలాల పంపకమూ, అన్నదమ్ముల తగవులూ గుర్తుకు వస్తాయి. ఇది తగవు లేని పంపకం. విండోస్ విస్టా వచ్చిన 2007 నుండి ఇందుకు వేరే సాఫ్ట్‌వేరు కొనవలసిన పని కూడా లేదు.

మొదట ఉన్నవాటన్నింటికీ బయటి డిస్కులో ఒక ప్రతి తీసుకోండి. పని మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి, సి మీద కుడి మీట నొక్కి, ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకోవాలి. అక్కడ లెక్క మెగాబైట్లలో ఉంటుంది. 100 గిగాబైట్లు కావాలంటే 1,02,400 అని వ్రాయాలి. సగం డిస్కు ఖాళీగా ఉన్నా నాకు అడిగినంత ఇవ్వలేదు. పేజింగ్, హైబర్నేషన్ ఫైళ్ల వంటివి కదలకుండా మధ్యలో కూర్చుంటాయి. వాటికి అవతలి జాగా మాత్రమే దక్కుతుంది. ఇచ్చినంతతో సరిపెట్టుకున్నాను.

అలా విడిపడిన జాగా నల్లని పట్టీతో కనిపిస్తుంది. దానిపై ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకుని, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. అక్షరాల జాబితాలో తెలుగుకు గుర్తుగా టి ఎంచుకున్నాను. పేరు గడిలో ‘పాటలు’ అని తెలుగులోనే వ్రాశాను. విండోస్ అభ్యంతరం చెప్పలేదు. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కులో నాలుగు ప్రైమరీ భాగాలు ముందే ఉంటే, ‘డైనమిక్ డిస్కు’గా మార్చమంటారా అని అడుగుతుంది. వద్దనండి.

డెస్క్‌టాప్ మీద పెట్టినవి సాధారణంగా సి లోనే ఉంటాయి. గది కట్టి సామాను వాకిట్లో వదలకండి. బాగుచేయించేటప్పుడు ‘సి మాత్రమే ఫార్మాట్ చేయండి’ అని చీటీ వ్రాసి ఇవ్వండి. డిస్కే చెడితే రెండు గదులూ కూలుతాయి కనుక బయటి ప్రతిని అలాగే ఉంచండి.

మా పిన్నికి ఆ పాటలలో కొన్ని నోటికి వచ్చు. వచ్చే ఆదివారం వస్తానన్నది. టి డ్రైవు ఇంకా ఖాళీగానే ఉంది.