పగటి ఆసరా ఉంటే బిడ్డ ఇల్లు విడువడు



బుద్ధిమాంద్యం గల బిడ్డను విడిచి తల్లి కూలికి వెళితే బిడ్డకు దిక్కు లేదు. వెళ్లకుంటే పొయ్యి వెలగదు. ఆ నిస్సహాయతలోనే కొందరు బిడ్డను దూరపు హోములో చేరుస్తున్నారు. ఆ తల్లిని నిందించే హక్కు మనకు లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కునిచ్చింది. బిడ్డ మేలుకై కోర్టు ఆదేశిస్తే తప్ప, వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుండి వేరు చేయరాదని 9వ సెక్షన్ అంటున్నది. ఆసరా లేనిదే ఆ హక్కు అక్షరాలకే పరిమితం.

పెళ్లిళ్లు లేని రోజుల్లో మన షాదీఖానాలు ఖాళీగా ఉంటాయి. అక్కడొక గదిలో పగటి సంరక్షణ కేంద్రం తెరుద్దాం. చక్రాల కుర్చీకి వాలుదారి, అనువైన మరుగుదొడ్డి, శిక్షణ పొందిన ఆయాలు, వారానికోసారి ఫిజియోథెరపిస్టు ఉంటే ఆరంభించవచ్చు. జీతాలకు విరాళాలు సేకరిద్దాం. ప్రభుత్వ సాయాన్ని హక్కుగా అడుగుదాం. సాయంత్రానికి బిడ్డ అమ్మ ఒడికి చేరాలి.

అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ప్రవక్త (స) మస్జిదులో అజాన్ పలికారు. మన బిడ్డలకూ మన నడుమనే చోటుండాలి. వచ్చే జుమా నాడు ప్రతి మస్జిదు కమిటీ ముందు ఈ మాట ఉంచండి.