42 ఏళ్లకి తొలి సినిమా - అలన్ రిక్‌మన్



పోయిన వారం ఒక శ్రోత దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "నాకు 34 ఏళ్లండీ. నాటకాలంటే ప్రాణం. ఇప్పుడు మొదలుపెడితే మరీ ఆలస్యం కాదా?" అని. సలహా ఇచ్చేటంతటి వాణ్ణి కాదు. ఒక నటుడి కథ మాత్రం చెప్తాను. హారీ పోటర్ సినిమాల్లో ప్రొఫెసర్ స్నేప్ గుర్తున్నాడు కదా? ఆ పాత్ర వేసిన అలన్ రిక్‌మన్ గురించి ఈ వారం మాట్లాడుకుందాం.

ఆయన 1946 ఫిబ్రవరి 21న లండన్‌లోని యాక్టన్‌లో, ఒక కార్మిక కుటుంబంలో పుట్టారు. 8 ఏళ్లకే తండ్రి పోయారు. నలుగురు పిల్లల్నీ తల్లే కష్టపడి పెంచుకొచ్చారు. బళ్లో నాటకాలు వేశారు గానీ, ఆ వయసులో నటననే నమ్ముకోవడం తెలివైన పని అనిపించలేదు. అందుకని చిత్రకళ, డిజైన్ చదువుకున్నారు. స్నేహితులతో కలిసి సొంతంగా ఒక గ్రాఫిక్ డిజైన్ సంస్థ కూడా పెట్టారు.

పని నడుస్తోంది, డబ్బులొస్తున్నాయి. అయినా మనసు అక్కడ లేదు. చివరికి రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కి ఉత్తరం రాశారు. చేరేనాటికి ఆయనకి 26 ఏళ్లు. చేతిలో ఉన్న పని వదిలేసి మళ్లీ విద్యార్థి అయ్యారు. ఖర్చుల కోసం నైజెల్ హాథార్న్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ లాంటి పెద్ద నటులకి తెరవెనక దుస్తులు అందించే పని చేశారు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా రంగస్థలం, మధ్యమధ్యలో టీవీ. 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేసిన 'లే లియాజాన్ డాంజరూజ్' నాటకంలో వాల్మాంట్ పాత్ర ఆయనకి పేరు తెచ్చింది. 1987లో ఆ నాటకం బ్రాడ్‌వేకి వెళ్లింది, టోనీ అవార్డుకి నామినేషన్ వచ్చింది. ఇంతలో అదే కథని సినిమా తీశారు. వాల్మాంట్ వేషం మాత్రం జాన్ మాల్కోవిచ్‌కి వెళ్లిపోయింది! రెండేళ్లు రాత్రికి రాత్రి బతికిన పాత్ర అది. ఎంత బాధో ఊహించండి.

కానీ చూడండి, బ్రాడ్‌వేలో ఆ నాటకమే ఆయన్ని హాలీవుడ్ కంట పడేసింది. 1988లో 'డై హార్డ్' విడుదలైంది. అదే తొలి సినిమా. అప్పటికి 42 ఏళ్లు! హాన్స్ గ్రూబర్ అరవడు, చిందులు తొక్కడు. మంచి సూటు వేసుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ భయపెడతాడు. చివర్లో అతను పడిపోయే షాట్ ఉంది కదా, లెక్క పూర్తి కాకముందే ఆయన్ని కిందికి వదిలేశారట. ఆ మొహంలో కనిపించే భయం నిజమైనదే!

స్నేప్ సంగతికొస్తే, పుస్తకాలన్నీ బయటికి రాకముందే రచయిత్రి రౌలింగ్ ఆ పాత్ర గురించి ఒక చిన్న రహస్యం ఆయన చెవిన వేశారు. 2001 నుంచి 2011 దాకా ఎనిమిది సినిమాల్లో ఆయన దాన్ని కడుపులో దాచుకునే నటించారు. ఒకసారి ఆ సినిమాలు మళ్లీ చూడండి, ఆ మౌనానికి అర్థం తెలుస్తుంది.

2016 జనవరి 14న, 69వ ఏట, క్యాన్సర్‌తో ఆయన వెళ్లిపోయారు. ఆస్కార్‌కి ఒక్కసారి కూడా నామినేట్ కాలేదు. అయినా ఆయన గొంతు ఇవాళ్టికీ మన చెవుల్లో ఉంది.

ఉత్తరం రాసిన మిత్రుడికి ఒక్క మాట. 34 ఏళ్లప్పుడు రిక్‌మన్ పేరు కూడా బయట ఎక్కువమందికి తెలీదు. అందరికీ అలాగే జరుగుతుందని చెప్పను. కానీ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో మాత్రం మానకండి.

వచ్చే వారం మరో కథతో కలుసుకుందాం. సెలవు.