మదీనా జియారత్ – సఅద్ (రజి) కుమార్తెల వాటా

మనల్ని పుట్టించి, పోషించి, సన్మార్గం చూపిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

అమ్మా బాద్. ధర్మ సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందని మొదట మాకు మేము, ఆ తర్వాత మీకు హితవు చెప్పుకుంటున్నాము.

మన కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాల నుండి హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళే వారున్నారు. జీవితమంతా కర్మాగారంలో షిఫ్టు డ్యూటీలు చేసి, పదవీ విరమణ సొమ్ముతో ఆ పుణ్యభూమిని దర్శించుకునే వారు వారిలో ఎందరో. మక్కాలో ఆరాధనలు ముగించుకుని వారు మదీనా చేరుకుంటారు. మస్జిదె నబవీలో నమాజులు చేస్తారు. ఒక ఉదయం జియారత్ బస్సు ఎక్కుతారు. ఖుబా మస్జిద్, ఖిబ్లతైన్ మస్జిద్, ఖందక్ ప్రాంతం, ఉహుద్ మైదానం చూస్తారు. ఫోటోలు తీసుకుంటారు, ఖర్జూరాలు కొంటారు. తిరిగి వచ్చాక బంధుమిత్రులకు జమ్‌జమ్ నీళ్ళు పంచుతారు. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే ఆ ప్రదేశాలు మనకు ఏమి చెబుతున్నాయో విని వచ్చామా అన్నదే నేటి మన ప్రశ్న.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఈ ప్రదేశాల సందర్శన హజ్‌లో గాని, ఉమ్రాలో గాని భాగం కాదు. కాని మదీనా చేరిన వారు ఖుబాలో నమాజు చేయటం సున్నత్. దైవప్రవక్త (స) ప్రతి శనివారం కాలినడకన గాని, వాహనంపై గాని ఖుబాకు వెళ్ళేవారు. బఖీ శ్మశానంలోని వారికి, ఉహుద్ అమరవీరులకు సలాం చెప్పి, వారి కోసం అల్లాహ్‌ను ప్రార్థించటం కూడా వారు నేర్పిన పద్ధతే. మనం సమాధుల్లోని వారి కోసం వేడుకుంటాము, వారిని వేడుకోము. అక్కడి మట్టినో రాయినో మూటకట్టుకుని తెచ్చుకోము. సమాధుల సందర్శన మరణాన్ని గుర్తు చేసుకోవటానికి. పూర్వుల నివాసాలను చూడటం గుణపాఠం నేర్చుకోవటానికి.

సోదరులారా! మదీనాలోని గుణపాఠం మస్జిదె నబవీ నేల నుండే మొదలవుతుంది. హిజ్రత్ చేసి వచ్చిన దైవప్రవక్త (స) ఒంటె ఎక్కడ మోకరిల్లిందో అక్కడే మస్జిద్ నిర్మించాలని సంకల్పించారు. ఆ స్థలం ఖర్జూరాలు ఆరబోసుకునే కళ్ళం. అది సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలుర ఆస్తి. వెల అడిగితే ఆ పిల్లలు ఉచితంగానే ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. వెల చెల్లించిన తర్వాతే పునాది వేయించారు. కోరుకున్నది దైవగృహానికి, ఇస్తామన్నది మనఃపూర్వకంగా. అయినా అనాథల నేలను ఊరకే తీసుకోవటానికి వారి మనసు అంగీకరించలేదు. నేడు ఆ మస్జిద్‌లో నుదురు ఆనించే వారందరూ హక్కుదారుకు హక్కు చెల్లించిన నేలపైనే సజ్దా చేస్తున్నారు.

ఇక ఉహుద్. అది మస్జిదె నబవీకి ఉత్తరాన ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్వతం. హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్ నెలలో అక్కడ యుద్ధం జరిగింది. దైవప్రవక్త (స) ఒక చిన్న గుట్టపై 50 మంది విలుకాండ్రను నిలిపారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)ను వారికి నాయకునిగా నియమించారు. తాము గెలిచినా, ఓడినా, కబురు వచ్చే వరకు అక్కడి నుండి కదలవద్దని ఆదేశించారు. శత్రువులు పారిపోవటం చూడగానే విలుకాండ్రలో ఎక్కువ మంది యుద్ధ సొత్తు కోసం కిందికి దిగిపోయారు. నాయకుడు, కొద్దిమంది మాత్రం నిలిచి, అక్కడే అమరులయ్యారు. ఖాళీ అయిన ఆ మార్గం గుండా శత్రు అశ్వదళం వెనుక నుండి వచ్చి పడింది. డెబ్బై మంది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. దైవప్రవక్త (స) స్వయంగా గాయపడ్డారు. తమది కాని వేళలో, తమకు అనుమతి లేని సొత్తు వైపు చేయి చాచినందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో ఆ గుట్ట నేటికీ సాక్ష్యమిస్తోంది.

ఆ గుట్ట ఎదుటే ప్రహరీగోడ లోపల అమరవీరుల సమాధులు ఉన్నాయి. హజ్రత్ హమ్జా (రజి) గురించి, హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గురించి బస్సులో మార్గదర్శకులు చెబుతారు. అదే నేలలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) కూడా ఉన్నారు. ఆయన గురించి వినేది తక్కువ. ఆయన అన్సారులలో సంపన్నుడు. మక్కా నుండి కట్టుబట్టలతో వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో దైవప్రవక్త (స) ఆయనకు సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం పంచి ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయనను దీవించి, బజారు దారి చూపమన్నారు.

ఆ సఅద్ (రజి) ఉహుద్‌లో అమరులయ్యారు. ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు. ఆ తర్వాత జరిగినది వినండి. ఆయన సోదరుడు ఆస్తినంతటినీ స్వాధీనం చేసుకున్నాడు. ఆడవారికీ, చిన్న పిల్లలకూ ఆస్తి ఇవ్వకపోవటం నాటి అరబ్బుల ఆచారం. అపరిచితునికి సగం ఇస్తానన్న మనిషి కన్నబిడ్డలకు చిల్లిగవ్వ మిగలలేదు. ఆ తల్లి ఇద్దరు కూతుళ్ళనూ వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. వీరి తండ్రి మీ వెంట ఉహుద్‌లో మరణించాడని, పినతండ్రి అంతా తీసుకున్నాడని, ఆస్తి లేని పిల్లలకు పెళ్ళిళ్ళు కావని మొర పెట్టుకుంది. దీనికి తీర్పు అల్లాహ్ ఇస్తాడని దైవప్రవక్త (స) చెప్పారు. అప్పుడు నిసా సూరాలోని వారసత్వ ఆయతులు అవతరించాయి. వెంటనే ఆ సోదరుణ్ణి పిలిపించి, కుమార్తెలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వమనీ, మిగిలినదే నీదనీ ఆదేశించారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కుమార్తెలకు 16, భార్యకు 3, సోదరునికి 5 భాగాలు.

సోదరులారా! ఉహుద్ అమరుని కుమార్తెల కన్నీరు తుడవటానికి ఆకాశం నుండి చట్టం దిగివచ్చింది. ఆ తండ్రి సమాధి ముందు నిలబడి సలాం చెప్పే మన చేతుల్లో, మన సొంత అక్కచెల్లెళ్ళ వాటా ఉండిపోలేదు కదా? సఅద్ (రజి)కి సలాం చెప్పి, ఆ సోదరుడు చేసిన పనినే మనం చేయటం లేదు కదా?

హక్కు అనే మాట ఈ ఊరికి కొత్త కాదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ 1966లో జరిగిన ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. 2021లో మన కూర్మన్నపాలెం కూడలిలోనే కార్మికులు రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కొనసాగించారు. మన హక్కు కోసం రోడ్డుపై కూర్చోగలిగిన మనం, ఇంట్లో అక్కాచెల్లెలు నోరు విప్పి అడగలేని హక్కును మనంతట మనమే ఇవ్వలేమా?

మన ఇళ్ళలో వినిపించే సాకులు కొన్ని ఉన్నాయి. ‘పెళ్ళికి బంగారం, సామాను ఇచ్చాము కదా’ అంటారు. తండ్రి బతికి ఉండగా ఇచ్చిన కానుక వారసత్వపు వాటాను రద్దు చేయదు. కట్నమైతే మన ధర్మం నేర్పని ఆచారం, ఒక తప్పును చూపి ఇంకొక తప్పు చేయరాదు. ‘ఆమే వద్దన్నది’ అంటారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయంతో వద్దన్న మాట సమ్మతి కాదు. ముందు వాటా లెక్కకట్టి ఆమె చేతిలో పెట్టండి. ఆ తర్వాత ఆమె మనసారా తిరిగి ఇస్తే, అది ఆమె ఔదార్యం. ‘అమ్మ ఉండగా పంపకాలేమిటి’ అంటారు. తండ్రి మరణించిన క్షణం నుండి తల్లికీ, కొడుకులకూ, కూతుళ్ళకూ ఎవరి వాటా వారిదే.

ఒక ఉదాహరణ చూడండి. భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను విడిచి ఒక వ్యక్తి మరణించాడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వీలునామా తీరిన తర్వాత 32 లక్షల విలువైన ఇల్లు మిగిలింది. భార్యకు 4 లక్షలు, కుమారునికి 14 లక్షలు, ఒక్కొక్క కుమార్తెకు 7 లక్షలు. దీనిని పంచటానికి కోర్టు అక్కర లేదు. మన దేశంలో 1937 నాటి షరీఅత్ చట్టం కూడా ముస్లింల వారసత్వానికి షరీఅత్‌నే ప్రాతిపదిక చేసింది. ఇక లేనిది మన సంకల్పమే.

అప్పుల మాట కూడా ఉహుద్ నేలే చెబుతుంది. హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి అబ్దుల్లాహ్ (రజి) అక్కడే అమరులయ్యారు. వెనుక కుమార్తెలనూ, బరువైన అప్పునూ విడిచి వెళ్ళారు. తండ్రి అమరుడు కదా, ఇక అప్పెక్కడిది అని జాబిర్ (రజి) అనలేదు. తోటలోని ఖర్జూరాలు కుప్పలు పోశారు. దైవప్రవక్త (స) స్వయంగా వచ్చి ఆ కుప్పల చుట్టూ తిరిగి, కూర్చుని కొలిపించారు. ఋణదాతలందరికీ పూర్తిగా చెల్లింది, అయినా ఖర్జూరాలు తరగలేదు. చెల్లించేవాని సొమ్ములో అల్లాహ్ ఉంచే శుభం అది.

కనుక ప్రయాణానికి సిద్ధమయ్యే సోదరులారా! బయలుదేరే ముందు ఇంటింటికీ వెళ్ళి కహాసునా మాఫ్ చేయమని అడగటం మనలో ఉన్న మంచి అలవాటు. ఈసారి అక్కాచెల్లెళ్ళ ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకండి, వాటా లెక్క పట్టుకుని వెళ్ళండి. ఇవ్వటానికి నేడు సొమ్ము లేకపోతే కాగితంపై రాసి, సాక్షుల సంతకాలు పెట్టించండి. అప్పులన్నీ రాసి ఇంటివారికి అప్పగించండి. వెళ్ళి వచ్చినవారు ఆలస్యమైపోయిందని అనుకోకండి. శ్వాస ఉన్నంత వరకు తౌబా ద్వారం తెరిచే ఉంటుంది. అయితే తోటి మనిషి హక్కు విషయంలో, ఆ హక్కు తిరిగి చేరనిదే తౌబా పూర్తి కాదు. ప్రయాణపు స్తోమత లేని వారు కూడా బాధపడవలసిన పని లేదు. ఈ సాయంత్రమే తోబుట్టువు వాటా తేల్చినవాడు మదీనా బోధను తన ఇంటికే తెచ్చుకున్నట్లు.

ఓ అల్లాహ్! నీ ప్రవక్త నగరాన్ని దర్శించే భాగ్యం మాకు ప్రసాదించు. ఉహుద్ అమరుల స్థానాలను ఉన్నతం చేయి. ఇతరుల హక్కు ఒక్క పైసా కూడా మా చేతుల్లో ఉండగా మాకు మరణం ఇవ్వకు. మా అక్కచెల్లెళ్ళ ముందు, మా తల్లుల ముందు, ప్రళయదినాన నీ ముందు మమ్మల్ని తలవంచుకునే వారిగా నిలబెట్టకు. మా కోసం, మీ కోసం, సమస్త ముస్లింల కోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. ఆమీన్.