వరూధినీ ప్రవరుల సమాగమము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)

 

సింహాచల దేవాలయమున శ్రీకృష్ణదేవరాయల దానశాసనములు కలవు. అందొకటి శాలివాహన శకము 1438, అనగా క్రీస్తుశకము 1516 నాటిది. రాయలు గజపతులపై దండెత్తి వచ్చి స్వామిని సేవించిన కాలమది. ఆ జైత్రయాత్రను అల్లసాని పెద్దన మనుచరిత్రావతారికలో వర్ణించెను. భీమునిపట్టణమునకు చేరువనున్న పొట్నూరు, చోడవరమునకు ఆవలి ఒడ్డాది ఆ పద్యమున కనబడును. విశాఖ సీమలోని పల్లెల పేళ్లు ప్రబంధమున కెక్కిన సంగతి ఈ ప్రాంతపు చదువరులలో పలువురెఱుగరు.

కథ మాత్రము హిమవంతమునకు సంబంధించినది. ప్రవరుడు అరుణాస్పదపురవాసి, అగ్నిహోత్రి. తీర్థవాసులు వచ్చినచో ఎదురేగి, అన్నము పెట్టి, వారు చూచిన దేశముల ముచ్చట లడిగి వినుటయే యాతని వేడుక. ఓడరేవు గల ఊరివారి కీ వేడుక క్రొత్తది కాదు. 1933లో విశాఖ రేవు తెఱచిన నాటినుండి దూరదేశపు నావికుల మాటలు వినుట కెందఱో చెవి యొగ్గుచునే యున్నారు. ప్రవరునకు వినుటతో తనివి తీరలేదు. ఒక సిద్ధుడు పాదలేప మొసగగా, ఆ క్షణముననే మంచుకొండకు చేరెను. ఎండవేళ మంచు కరగి, ఆ నీటిలో పసరు కరగిపోయెను. పోవుటకు సాధనము దొరికెను గాని మరలుటకు లేకపోయెను.

త్రోవ యడుగబోయి వరూధినిని కనెను. ఆమె అప్సరస. మానవునకు ముదిమి, మరణము, సంధ్యవార్చు వేళ, ఇంట ఎదురుచూచు తలిదండ్రులు కలరు. ఆమెకు కాలమను బెదరు లేదు. అందుచేత ఆతని తొందర ఆమె కర్థము కాలేదు. ఆమె వేదన ఆతనికిని అర్థము కాలేదు. ప్రవరుని నిగ్రహమును మెచ్చనివారు లేరు. కాని బలవంతముగా కౌగిలించబోయిన యామెను త్రోసివేసిన పిమ్మట ఒక్క మృదువైన మాటయైన ఆడక పోయెనే యని చదువరికి చివుక్కుమనును. ఆతడు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరెను.

ఇక అసలు చిక్కు. పూర్వ మామె తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపు దాల్చి వచ్చెను. సమాగమవేళ కన్నులు మూసికొనవలెనని నియమము పెట్టెను. ఆమె నమ్మెను. ప్రవరుని తేజమునే మనమున నిలుపుకొనుటచే పుత్రుడు అగ్నివలె ప్రకాశించి స్వరోచి యను పేరు గాంచెను. కన్నతండ్రి గంధర్వుడు, తేజము మానవునిది. ఈ పద్దు ఎవరి ఖాతాలో వ్రాయవలెనో పురాణమునకే తెలియవలె! మాయాప్రవరుడు సెలవు తీసికొని పోయిన పిదపను వరూధినికి నిజము తెలియదు. ఆమె యెడల జరిగిన దానిని వంచన యనక తప్పదు. రసికులు ఆ ఘట్టమును శృంగారముగా చదివి పుట త్రిప్పుదురు.

పాశ్చాత్యులకును ఇట్టి కథలు కలవు. 1954, 1955 సంవత్సరములలో ఆంగ్లమున వెలువడిన టోల్కీన్ మహాకథయందు ఎల్ఫులను జాతి కలదు. వారికి ముదిమి లేదు. చంపిననే చత్తురు, లేదా దుఃఖముచే కృశింతురు. ఆర్వెన్ అను కన్యలో ఇరుజాతుల రక్తమును కలదు. ఆమె ఆరగోర్న్ అను రాజును వరించి, తెలిసి తెలిసియే చావును కోరుకొనెను. ఏమి విడిచిపెట్టుచున్నదో ఆమె కెఱుకయే. వరూధిని కట్టి యవకాశము చిక్కలేదు. ఊర్వశియు పురూరవునితో కూడుటకు ముందే తన షరతులు చెప్పెను. అవి తప్పినంతనే విడిచిపోయెను.

స్వరోచి పెరిగి మనోరమను రాక్షసభయమునుండి కాపాడి పెండ్లాడెను. ఆమె చెలికత్తెలు విభావరి, కళావతి యను వారినిగూడ వరించెను. విభావరి అతనికి మృగపక్షుల భాష నేర్పెను. దాని ఫలముగా, చక్రవాకి తన భోగలాలసతను నిందించుట ఆతడు తన చెవులారా వినవలసివచ్చెను. పిదప నొక లేడి కౌగిలి కోరి, అంతలో వనదేవతగా మారి నిలిచెను. వారిరువురకు కలిగిన పుత్రుడే స్వారోచిషుడు, పదునలుగురు మనువులలో రెండవవాడు. వరూధిని యెఱుగని యా వంచననుండియే ఒక మన్వంతరము వెలువడెను. ఆమె మనుమడే దాని కధిపతి.